ఆ కాలువ తవ్వినది వెట్టి మనుషులు

సంపాదకులు గారికి నమస్కారం.

గత ఆదివారం మీ పత్రికలో సోవియట్ పారిశ్రామికాభివృద్ధి మీద వచ్చిన వ్యాసం శ్రద్ధగా చదివాను. తెల్లసముద్రాన్ని బాల్టిక్ సముద్రంతో కలిపే 227 కిలోమీటర్ల కాలువను 1931–33 మధ్య 20 నెలల్లో పూర్తి చేశారని చెప్పిన వ్యాసకర్త ఆ ఘనతను 'శ్రమ వీరుల'కు ఇచ్చి ఊరుకున్నారు. వారు ఖైదీలన్న మాట వ్యాసంలో ఎక్కడా లేదు. లక్షకు పైగా ఖైదీలు గునపాలతో, పారలతో, కొయ్యతో చేసిన తోపుడుబండ్లతో రష్యా వాయవ్యంలోని కరేలియా రాతినేలను తవ్వారు. అధికారిక లెక్కల ప్రకారమే వారిలో 12 వేల మందికి పైగా చనిపోయారు. అంత చేసి తవ్విన కాలువ లోతు తక్కువై, పెద్ద ఓడలకు పనికిరాలేదు.

నేను సోవియట్ పుస్తకాలు చదివి పెరిగిన తరం వాణ్ణి. కాలేజీ రోజుల్లో మౌంట్ రోడ్డులో రెండు మూడు రూపాయలకు దొరికే ఆ అట్టల పుస్తకాలు ఇప్పటికీ నా బీరువాలో ఉన్నాయి. గోర్కీని తెలుగులో చదివి కంటతడి పెట్టుకున్నవాణ్ణి గనుక, ఈ కాలువను కీర్తిస్తూ 36 మంది రచయితలు రాయగా 1934లో వెలువడిన పుస్తకానికి ఆయనే సంపాదకుడని తెలిసినప్పుడు నమ్మడానికి నాకు చాలా కాలం పట్టింది. శ్రమ ద్వారా ఖైదీలను కొత్త మనుషులుగా పోతపోస్తున్నామని ఆ పుస్తకం చెప్పింది. మీ వ్యాసంలో ఆ వాసనే తగిలింది.

శిబిరాల్లో పని ఎలా జరిగేదో పాఠకులకు తెలియాలి. గులాగ్ అనే శిబిరాల పాలనా యంత్రాంగం 1930లో ఏర్పడింది. శిక్షాస్మృతిలోని 58వ అధికరణం కింద 'విప్లవ ద్రోహి' అనిపించుకోవడానికి ఒక్కోసారి ఒక పరిహాసపు మాట చాలేది. శిబిరంలో ప్రతి ఖైదీకీ రోజుకు ఇంత మట్టి, ఇంత కలప, ఇంత బొగ్గు అని కోటా ఉండేది. దాన్ని ఎంత పూర్తి చేస్తే దాన్నిబట్టి రొట్టె దొరికేది. నీరసించినవాడు కోటా పూర్తి చేయలేడు, పూర్తి చేయలేదు కనుక రొట్టె తగ్గుతుంది, రొట్టె తగ్గింది కనుక మర్నాడు ఇంకా నీరసిస్తాడు. ప్రాణం నిలుపుకోవడానికి ఖైదీలు చేయని పనిని చేసినట్టు లెక్కలో చూపేవారు. దాన్ని 'తుఫ్తా' అనేవారు. 1953లో స్టాలిన్ మరణించేనాటికి సుమారు 1.8 కోట్ల మంది ఈ శిబిరాల గుండా, కార్మిక కాలనీల గుండా వెళ్లారు. రికార్డులకెక్కిన మరణాలే 15 లక్షలకు పైగా ఉన్నాయి.

దీనికి మన భాషలో మాట ఉంది: వెట్టి. నిజాం కాలంలో తెలంగాణ పల్లెల్లో దొర గడీకి కూలి లేకుండా చాకిరీ చేయించుకోవడాన్ని ఎదిరించి వేలమంది ప్రాణాలకు తెగించారు. వారిలో ఎందరో మాస్కోను ఆశగా చూశారు. ఆ ఆశను నేను తప్పుపట్టను. ఈ శిబిరాల ఖైదీలు పనిచేసిన కొలీమా బంగారు గనుల సంగతి, వొర్కుతా బొగ్గు గనుల సంగతి వారికి చేరే దారే లేదు. ఫాసిజాన్ని ఓడించడంలో సోవియట్ ప్రజలు చేసిన త్యాగాన్నీ తక్కువ చేయను. కానీ దొర చేయిస్తే వెట్టి అయినది, రాజ్యం చేయిస్తే వీరశ్రమ ఎలా అవుతుంది?

మరొక సంగతి. సరోజినీ నాయుడు తమ్ముడు వీరేంద్రనాథ్ చట్టోపాధ్యాయ 1880లో హైదరాబాదులో పుట్టారు. 1914 నుంచి బెర్లిన్‌లో మన స్వాతంత్ర్యం కోసం పనిచేసి, చివరికి లెనిన్‌గ్రాడ్ చేరి అక్కడి విజ్ఞానశాస్త్రాల అకాడమీ సంస్థలో ఉద్యోగం చేశారు. 1937 జూలైలో ఆయనను అరెస్టు చేసి, సెప్టెంబరు 2న కాల్చి చంపారు. ఆయన తమ్ముడు హరీంద్రనాథ్‌ను 1952లో బెజవాడ ఓటర్లు కమ్యూనిస్టుల మద్దతుతో లోక్‌సభకు పంపారు. అప్పటికి అన్నగారు పోయి పదిహేనేళ్లు. ఆ కాలంలో కాల్చి చంపినవారి కుటుంబాలు అడిగితే 'ఉత్తరాలు రాసుకునే హక్కు లేకుండా పదేళ్ల శిక్ష' అని అధికారులు చెప్పేవారు. ఆ మాట నమ్మి ఎదురుచూసిన తల్లులూ భార్యలూ ఎందరో.

ఆ వ్యాసానికి సవరణగా, కాలువ తవ్వినవారు ఖైదీలని రెండు వాక్యాలైనా ప్రచురించమని కోరుతున్నాను. వీలైతే వచ్చే సెప్టెంబరు 2న వీరేంద్రనాథ్ గురించి ఒక వ్యాసం వేయండి. ఆబిడ్స్‌లో ఆయన తండ్రిగారి ఇల్లు ఇప్పటికీ నిలిచి ఉంది.

భవదీయుడు,
ఒక విశ్రాంత తెలుగు ఉపాధ్యాయుడు,
పెరంబూరు, చెన్నై