కొల్లేటి మట్టిని చదవకుండానే గట్టుకెక్కిస్తున్నాం

సంపాదకుల వారికి,

కొల్లేరు గురించి పత్రికల్లో వచ్చే రాతలన్నీ ఐదో కాంటూరు (అభయారణ్యానికి హద్దుగా పెట్టిన ఐదడుగుల ఎత్తు గీత), చేపల చెరువులు, వలస పక్షుల చుట్టూనే తిరుగుతున్నాయి. అవన్నీ పట్టించుకోవలసినవే. అయితే ఆ సరస్సు అడుగున వేల ఏళ్లుగా పొరలుపొరలుగా పేరుకున్న బంకమట్టి గురించి ఎవరూ మాట్లాడకపోవడం, ముప్పై ఏళ్లు పిల్లలకు జీవశాస్త్రం చెప్పిన నాకు బాధ కలిగిస్తున్నది.

మొన్న వేసవిలో మా ఊరి పక్కన, అభయారణ్యం హద్దుకు బయట, ఒక చెరువు తవ్వుతుంటే వెళ్లి చూశాను. పైన గోధుమరంగు ఒండ్రు, దాని కింద నల్లబంక, పొక్లెయిన్ తొట్టె ఇంకా దిగేసరికి బూడిదరంగు జిగటమట్టి, అందులో తెల్లని గుల్లలు కనిపించాయి. అవి మంచినీటి గుల్లలా, ఉప్పునీటి గుల్లలా అన్నది తెలిసినవారు చూసి చెప్పవలసింది. వారు చూసే వీలు లేకుండానే ఆ మట్టి గట్టుకెక్కింది, దాని మీద ట్రాక్టర్లు తిరిగాయి.

ఆ తేడాలోనే ఈ నేల పుట్టుక ఉంది. సుమారు 6,000 సంవత్సరాల క్రితం సముద్రపు ఒడ్డు కొల్లేరు దరిదాపుల్లో ఉండేదని, గోదావరి, కృష్ణ నదులు మోసుకొచ్చిన ఒండ్రు మేట వేస్తూ ముందుకు సాగడంతో సముద్రం దాదాపు 35 కిలోమీటర్లు వెనక్కి తగ్గిందని, ఒకప్పటి ఉప్పు కయ్య క్రమంగా మంచినీటి సరస్సయిందని భూవిజ్ఞానులు వివరిస్తున్నారు. ఇటువంటి సంగతులు మట్టి ఎలా చెబుతుందంటే, నిలకడ నీటి అడుగున గాలి సరిగా అందదు కనుక అక్కడ పడిన ఆకూ అలమూ పూర్తిగా కుళ్లిపోవు; పుప్పొడి రేణువుల పైపెంకు వేల ఏళ్లయినా చెక్కుచెదరదు. ఒక పొరలో మడచెట్ల పుప్పొడి దండిగా ఉంటే అక్కడికి ఆటుపోట్లు వచ్చేవని, తుంగ, గడ్డిజాతుల పుప్పొడి పెరిగితే ఉప్పు తగ్గిందని ఊహించవచ్చు. గాజువంటి పెంకులున్న డయాటమ్‌లు అనే కంటికి కనిపించని నాచుజీవుల్లోనూ ఉప్పునీటి జాతులు వేరు, మంచినీటి జాతులు వేరు. ఆకుముక్కలోని కార్బన్-14 అనే రేడియోధార్మిక కార్బన్ ప్రతి 5,730 సంవత్సరాలకు సగానికి తగ్గుతుంది కాబట్టి పొర వయసూ తెలుస్తుంది.

రాజస్థాన్‌లోని లూణకరణ్‌సర్ సరస్సు మట్టిని ఇలాగే పరిశీలించి, హరప్పా నగరాలు ఉచ్ఛస్థితికి రాకముందే ఆ సరస్సు ఎండిపోయిందని గుర్తించారు. ఇక మన గోదావరి ఎగువన, ప్రాణహిత లోయలోని కోటా సున్నపురాయి పొరల్లో జురాసిక్ కాలపు చేపలు శిలాజాలుగా దొరికాయి. హైదరాబాదు బిర్లా సైన్స్ మ్యూజియంలో పిల్లలు నోరు తెరుచుకుని చూసే కోటాసారస్ అనే రాక్షసబల్లి అస్థిపంజరం కూడా ఆ కోటా శిలాశ్రేణిలోనిదే. అంత పాత రాళ్లను అంత శ్రద్ధగా చదివినవాళ్లం, కాళ్ల కింది మెత్తటి మట్టిని చులకన చేయడం తగదు.

ఇది పండితుల ముచ్చట మాత్రమే కాదు. కొల్లేటి నీటిని సముద్రానికి చేర్చే ఉప్పుటేరు గుండా ఉప్పునీరు ఎగదన్నడం ఇక్కడి రైతులకు ఏటా ఉన్న బెడదే. గతంలో ఉప్పు ఎంతవరకు వచ్చిందో, ఎంతకాలం నిలిచిందో మట్టిపొరల్లో ఆనవాళ్లుంటాయి.

కాబట్టి, లోతైన తవ్వకాలకు అనుమతి ఇచ్చేటప్పుడే ఒక గోడను నిలువుగా వదిలి ఫొటోలు తీయాలని, నమూనాలను ఆంధ్ర విశ్వవిద్యాలయ భూవిజ్ఞాన విభాగానికి అందజేయాలని షరతు పెట్టవలసిందిగా అధికారులను కోరుతున్నాను. నమూనా తీయడానికి పెద్ద ఖర్చేమీ కాదు. మెత్తటి మట్టిలోకి పీవీసీ గొట్టం దింపి, రెండు కొసలూ బిగించి, ఏది పైకొసో, ఏ చోట తీశారో, ఎంత లోతో దాని మీద రాస్తే చాలు.

మా ఊళ్లో సంక్రాంతి దాటాక మరో చెరువు తవ్వబోతున్నారు. ఒక పక్క గోడను రెండు రోజులు కదపకుండా ఉంచడానికి ఆ రైతు ఒప్పుకున్నారు. చూడటానికి వచ్చే పరిశోధకులకు, అధ్యాపకులకు దారి చూపి, భోజనం ఏర్పాటు చేసే బాధ్యత నాది.

భవదీయుడు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
ఆకివీడు మండలం, పశ్చిమ గోదావరి జిల్లా