నవ్వుల ఎపిసోడ్లను దాటవేయమని చెప్పవద్దు

సంపాదకుల వారికి,

ఆర్యా,

జపాన్ యానిమే (యానిమేషన్) ధారావాహికల గురించి వచ్చే వ్యాసాల్లోనూ, మిత్రులు ఒకరికొకరు ఇచ్చుకునే సలహాల్లోనూ ఈమధ్య ఒక ధోరణి బలపడుతోంది. వందల ఎపిసోడ్లున్న ధారావాహికలో అసలు కథను నడిపించేవి ఏవో, నడిపించనివి ఏవో విడదీసి, రెండో రకానివి చూడకపోయినా ఫరవాలేదని కొత్త ప్రేక్షకులకు చెబుతున్నారు. తీరిక తక్కువగా ఉన్నవారికి ఇది మేలు చేసే మాటగానే వినిపిస్తుంది. అయితే ‘గింటామా’ విషయంలో, ముఖ్యంగా 2015 ఏప్రిల్ నుంచి 2016 మార్చి వరకు ప్రసారమైన సీజన్ విషయంలో, ఈ సలహా పాటించినవారు ఆ సీజన్‌లోని సారాన్నే పోగొట్టుకుంటారని నా గట్టి నమ్మకం. కథలోని ముఖ్య ఘట్టాలను చెప్పకుండా ఈ మాటను నిరూపించలేను కనుక, ఇంకా చూడనివారు ఇక్కడితో ఆగిపోవడం మంచిది.

హిదెయాకి సొరాచి 2003 చివర్లో ‘వీక్లీ షోనెన్ జంప్’ పత్రికలో ఈ ధారావాహికకు మూలమైన మాంగాను (జపనీస్ బొమ్మల కథను) మొదలుపెట్టారు. టీవీ ధారావాహిక 2006 ఏప్రిల్‌లో టీవీ టోక్యోలో ప్రారంభమై, మధ్యమధ్య విరామాలు తీసుకుంటూ 2018 అక్టోబరు నాటికి 367 ఎపిసోడ్లతో పూర్తయింది. ‘నల్ల ఓడలు’ అని పేరుపడిన అమెరికా యుద్ధనౌకలు 1853లో జపాన్ తీరానికి వచ్చిన చరిత్రను తీసుకుని, ఆ ఓడల స్థానంలో గ్రహాంతరవాసులను దింపారు సొరాచి. కత్తులపై నిషేధం వచ్చిన ఆ ఎదో (నేటి టోక్యో) నగరంలో, ఓడిపోయిన యుద్ధంలో పోరాడిన సకాటా గింటోకి అనే సమురాయ్ చెక్క కత్తి పట్టుకుని, షింపాచి, కగురా అనే ఇద్దరు పిల్లలను వెంటబెట్టుకుని, ఎవరు ఏ పని చెప్పినా చేసిపెట్టే దుకాణం నడుపుతుంటాడు. ఎప్పుడూ ఇంటి అద్దె బాకీయే. చాలా ఎపిసోడ్లలో కథ అక్కడికక్కడే మొదలై అక్కడికక్కడే ముగుస్తుంది. కొన్నింటిలో చెప్పుకోదగ్గ కథ కూడా ఉండదు, మనుషులు కూర్చుని వాదించుకోవడమే ఉంటుంది.

2013 మార్చిలో ఆగిపోయిన ధారావాహిక రెండేళ్ల తర్వాత తిరిగి వచ్చినప్పుడు, కాలమే స్తంభించిపోయిన కథతో సీజన్‌ను ప్రారంభించారు. దర్శకత్వ బాధ్యత చిజురు మియావాకిది, నిర్మాణం బందాయ్ నామ్కో పిక్చర్స్‌ది. మొత్తం 51 ఎపిసోడ్లలో మొదటి 34 చిన్న చిన్న కథలతో, ఎక్కువగా హాస్యంతో నడుస్తాయి. గింటోకి ఆత్మ, పోలీసు దళ ఉపనాయకుడు హిజికాటా ఆత్మ ఒకరి శరీరంలోంచి మరొకరి శరీరంలోకి మారిపోయే కథ వీటిలోనే ఉంది. ఆడవారు మగవారుగా, మగవారు ఆడవారుగా మారే కథ మాత్రం అవసరానికి మించి సాగిందనే నా అభిప్రాయం. ఆ తర్వాత, 300వ ఎపిసోడ్‌తో, షోగున్ (సైనిక పాలకుడు) హత్యా ఘట్టం మొదలవుతుంది.

ఈ షోగున్ షిగెషిగె ఎవరు? ధారావాహిక మొదటి సంవత్సరాల నుంచి అతను నవ్వుల కోసం వచ్చిపోయే పాత్ర. దేశాధినేత అయి ఉండి వినోదశాలలో ఆటలో ఓడి లోదుస్తులతో మిగిలిపోతాడు, క్షౌరశాలలో గింటోకి బృందం చేతిలో శిఖ పోగొట్టుకుంటాడు, మంచు కొండ మీద మరింత అవమానం పాలవుతాడు. ఇంత జరిగినా ఎవరినీ దండించడు, గొంతు పెంచడు, ముఖంలో గాంభీర్యం సడలనివ్వడు. ప్రతిసారీ నవ్వుకున్నామే తప్ప, ఇతను ఎంత సహనశీలి, ఎంత మంచివాడు అన్న సంగతి మనకు తెలియకుండానే మన మనసులో నాటుకుంటోందని గ్రహించలేదు. ఒక్క ఎపిసోడ్‌లోనూ ఆ మాట ఎవరూ ఉపన్యాసంలా చెప్పలేదు.

అటువంటి మనిషి తన ప్రజల కోసం పదవిని వదులుకుని, ఇన్ని దాడుల నుంచి బయటపడి, చివరికి విషానికి బలై చెల్లెలు సోయో ఒడిలో కన్నుమూసినప్పుడు ప్రేక్షకుడికి కలిగే బాధ ఆ ఘట్టంలోని ఎనిమిది ఎపిసోడ్లలో పుట్టింది కాదు. దాటవేయమని చెబుతున్న ఆ క్షౌరశాల ఎపిసోడ్, ఆ మంచు కొండ ఎపిసోడ్ ఇన్నేళ్లుగా దానిని సిద్ధం చేశాయి. వాటిని చూడకుండా నేరుగా ఇక్కడికి వచ్చినవారికి కనిపించేది రాజకీయ కుట్రలో మరణించిన ఒక పాలకుడు. చూసినవారికి మాత్రం అతను తెలిసిన మనిషి.

తర్వాత వచ్చే షిన్‌సెన్‌గుమి వీడ్కోలు ఘట్టం నా వాదనకు ఇంకా బలమైన ఆధారం. హిజికాటా పనిచేసే పోలీసు దళమే షిన్‌సెన్‌గుమి, అది చరిత్రలో నిజంగా ఉన్న దళం. దాని నాయకుడు కొందో ఇసామికి 1868లో శిరచ్ఛేదం జరిగింది, ఉపనాయకుడు హిజికాటా తోషిజో మరుసటి ఏడాది హకోదాతె యుద్ధంలో మరణించాడు. సొరాచి వారి పేర్లను కొద్దిగా మార్చి ఇసావో, తోషిరో అని పెట్టి, ఏళ్ల తరబడి నవ్వుల పాత్రలుగా నడిపించారు. కనుక కొత్త షోగున్ పాలనలో దళం రద్దయి, కొందోకు మరణశిక్ష ఖాయమైనప్పుడు, చరిత్ర తెలిసిన ప్రేక్షకుడికి గుండె ఆగినంత పని అవుతుంది. అతన్ని కాపాడడానికి హిజికాటా, గింటోకి, ఇన్నాళ్లూ ఆ దళం వెంటపడి పట్టుకోవాలని చూసిన తిరుగుబాటు నాయకుడు కత్సురా చేయి కలుపుతారు. కత్సురా పారిపోవడం, పోలీసులు తరమడం అనే పాత హాస్యమే ఈ కలయికకు పునాది. అన్నిసార్లు తరిమినవాడూ తప్పించుకున్నవాడూ ఒకరినొకరు ఎంత బాగా ఎరుగుదురో ఆ ఎపిసోడ్లు చూసినవారికే తెలుస్తుంది. షిన్‌సెన్‌గుమి ఎదోను విడిచి వెళ్లే చివరి ఎపిసోడ్‌లో ఎవరూ పెద్దగా కన్నీళ్లు పెట్టుకోరు. ఎప్పటిలాగే తిట్టుకుంటారు. ఆ తిట్లలో ఎంత ఆప్యాయత ఉందో కొత్తవారికి ఎలా అర్థమవుతుంది?

ఈ ధారావాహికలోని హాస్యమంతా ఉత్తమమైనదని నేను అనను. మొరటు హాస్యం పాళ్లు ఎక్కువే, చిన్న పిల్లలకు చూపించదగినది కాదు. జపాన్ టీవీని, ఇతర మాంగాలను అనుకరించే చమత్కారాలు కొన్ని మనకు అందకుండానే పోతాయి. ఇవి న్యాయమైన అభ్యంతరాలే. కానీ కథ ముందుకు సాగలేదు కనుక ఎపిసోడ్ వృథా అనడం వేరే సంగతి, దానితో నేను ఏకీభవించలేను. పాత్రలు పెద్ద పనులేవీ చేయకుండా కలిసి గడిపిన సమయమే ఈ ధారావాహికలో అసలు కథ.

మీ పత్రికలో యానిమే గురించి వ్యాసాలు రాసేవారు ఈ విషయాన్ని పరిశీలించవలసిందిగా కోరుతున్నాను. ఏదో ఒకటి వదిలేయక తప్పదనుకునే కొత్త ప్రేక్షకులకు నేను చెప్పగలిగింది ఒకటే. మొదటి రెండు ఎపిసోడ్లు అప్పటికే మాంగా చదివినవారి కోసం ప్రత్యేకంగా తయారుచేసినవి, పాత్రల పరిచయం మూడో ఎపిసోడ్‌లో మొదలవుతుంది. కాబట్టి ఆ రెండింటినీ పక్కన పెట్టి మూడో దానితో ప్రారంభించవచ్చు. అక్కడి నుంచి 300వ ఎపిసోడ్ చేరేలోపు, కనీసం షోగున్ షిగెషిగె కనిపించే ఏ ఎపిసోడ్‌నూ వదలవద్దు.

ఇట్లు,
ఒక పాఠకుడు