జనరేటర్ పెట్టుకోమన్నారు, వైరు సంగతి ఎవరు చెబుతారు?

సంపాదకుడు గారికి,

గత వారం మీ పత్రిక జిల్లా పేజీలో వచ్చిన తుపాను జాగ్రత్తలు చదివాను. కొవ్వొత్తులు, టార్చి, మందులు, మంచినీళ్లు, ఫోన్ చార్జింగ్ అన్నీ రాశారు. చివర్లో వీలున్నవాళ్లు జనరేటర్ సిద్ధంగా ఉంచుకోవాలని ఒక్క ముక్క చెప్పి వదిలేశారు. అది అధికారులు ఇచ్చిన ప్రకటనే అని తెలుసు. కానీ ఆ జనరేటర్ నుంచి ఇంట్లోకి కరెంటు ఎలాంటి వైరు మీద రావాలో, ఎక్కడ కలపాలో ఆ ప్రకటనలో ఎక్కడా లేదు. ప్రాణాలు పోయేది అక్కడే.

కోనసీమ వాళ్లకు తుపాను గురించి ఒకరు చెప్పక్కర్లేదు. 1996 నవంబరు చూసినవాళ్లం. కొబ్బరిచెట్లు లైన్ల మీద కూలితే కరెంటు ఎప్పటికి వస్తుందో ఎవరూ చెప్పలేరు. 2014లో హుద్‌హుద్ వచ్చినప్పుడు విశాఖ అంతటి నగరమే రోజుల తరబడి చీకట్లో ఉండిపోయింది. అందుకే ఇప్పుడు వాన ముసురు పట్టిందంటే చాలు, చిన్న జనరేటర్లకు గిరాకీ. కొనలేనివాళ్లు టెంట్ హౌస్ నుంచి అద్దెకు తెచ్చుకుంటున్నారు.

ఆ జనరేటర్‌తో పాటు చేతికిచ్చే వైరును మన అధికారులు ఒక్కసారి దగ్గరకెళ్లి చూడాలి. పెళ్లి పందిళ్లలో సీరియల్ లైట్లకు వాడి వాడి నలిగిన రెండు పోగుల మెలిక వైరు అది. మధ్యలో నాలుగైదు జాయింట్లు, వాటి మీద జిగురు ఊడి వేలాడే నల్లటేపు. చాలాసార్లు చివర ప్లగ్గు కూడా ఉండదు. రెండు కొసలూ పళ్లతో ఒలిచి, జంక్షన్ బాక్సు కన్నాల్లో దోపి, ఊడిపోకుండా అగ్గిపుల్లలు బిగిస్తారు. ఇదంతా వానలో, వాకిట్లో నీళ్లు నిలిచిన చోట, పిల్లలు తిరుగుతుండగా. ఎర్త్ వైరు ఊసే లేదు. సాకెట్లో పట్టడం లేదని మూడో పిన్ను విరగ్గొట్టిన ప్లగ్గులు ఎన్ని ఇళ్లలో ఉన్నాయో లెక్కే లేదు.

సైజు ఎవరూ అడగరు. 2 కేవీఏ సామర్థ్యమున్న చిన్న జనరేటర్ ఇచ్చేది 9 ఆంపియర్ల లోపు. దాన్నుంచి ముప్పావు ఎమ్మెమ్ (లోపలి తీగ మందం 0.75 చదరపు మిల్లీమీటర్లు) వైరు 30 మీటర్లు లాగి, 8 ఆంపియర్లు వాడితే దాదాపు 12 వోల్టులు దారిలోనే పోతాయి. అదంతా ఊరికే పోదు, ఆ వైరులోనే 100 వాట్ల వేడి పుడుతుంది. వైరును చుట్ట విప్పకుండా అలాగే ఉంచితే ఆ వేడికి తొడుగు కరిగి రెండు పోగులూ అంటుకుంటాయి. మోటారు స్టార్టయ్యేటప్పుడు అంతకు కొన్ని రెట్లు కరెంటు లాగుతుంది. వోల్టేజీ చాలక అది మూలుగుతూ తిరక్కుండా నిలబడి, వైండింగ్ కాలిపోతుంది. అదే దూరానికి రెండున్నర ఎమ్మెమ్ రాగి వైరు, ఎర్త్‌తో కలిపి మూడు పోగులది, తీసుకుంటే పోయేది 4 వోల్టుల లోపే. సంపు మోటారుకు, ఫ్రిజ్‌కు అది వేసి, 16 ఆంపియర్ల ప్లగ్గు పెట్టాలి. లైట్లు, ఫ్యాన్లకు ఒకటిన్నర ఎమ్మెమ్ చాలు. ఈ నాలుగు ముక్కలు కరెంటు బిల్లు వెనక అచ్చు వేయించడానికి ఎవరికి ఏం అడ్డం?

వైరు పొడవు సరిపోక జనరేటర్‌ను వరండాలోకో, మెట్ల కిందకో జరిపేవాళ్లు ఉన్నారు. ఆ పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ వాసనా ఉండవు. తలుపులు వేసుకుని పడుకున్నవాళ్లు మళ్లీ లేవరు. జనరేటర్ బయటే, కిటికీలకు దూరంగా ఉండాలి. అందుకే పొడవైన, మందమైన వైరు కావాలి.

నేను ఈ ఉత్తరం రాయడానికి అసలు కారణం ఇంకొకటి ఉంది. రెండు పక్కలా ప్లగ్గులున్న వైరు. ఒక పక్క జనరేటర్‌లో, రెండో పక్క ఇంటి గోడ సాకెట్లో పెడితే ఇల్లంతా లైట్లు వెలుగుతాయని చెప్పి దీన్ని చేసిస్తున్నారు. మెయిన్ ఆపడం మర్చిపోతే ఆ కరెంటు మీటరు దాటి, సర్వీసు వైరు మీదుగా వీధి ట్రాన్స్‌ఫార్మర్‌లోకి వెళుతుంది. ట్రాన్స్‌ఫార్మర్ అటునుంచి ఇటే కాదు, ఇటునుంచి అటూ పనిచేస్తుంది. మన 230 వోల్టులు అక్కడ 11 వేల వోల్టుల లైనును బతికిస్తాయి. సబ్‌స్టేషన్లో లైను ఆపారన్న నమ్మకంతో తడిసిన స్తంభం ఎక్కిన లైన్‌మన్ చనిపోవచ్చు. మన ఇళ్లకు వెలుగు తేవడానికి ఎక్కినవాడు మన ఇంటి కరెంటుకే బలైపోవడం ఎంత ఘోరం! పైగా సాకెట్లోంచి ఆ ప్లగ్గు ఊడితే బయటికి కనిపించే పిన్నుల్లోనే కరెంటు ఉంటుంది. ఇంటికంతా కరెంటు కావాలనుకునేవాళ్లు లైసెన్సున్న ఎలక్ట్రీషియన్‌తో చేంజోవర్ స్విచ్ (లైను కరెంటు, జనరేటర్ కరెంటు కలవకుండా ఏదో ఒక్కదాన్నే ఇంట్లోకి వదిలే స్విచ్) పెట్టించుకోవాలి. లేదంటే ఫ్రిజ్‌నో ఫ్యాన్‌నో నేరుగా జనరేటర్‌కే కలుపుకోవాలి. మూడో దారి లేదు.

బిల్లు బకాయి పడితే మర్నాడే ఫ్యూజు పీకడానికి మనుషులు దొరుకుతారు. ఇలాంటి వైర్లు చేసిచ్చే దుకాణాలకు వెళ్లడానికి మాత్రం ఎవరూ దొరకరు. ఐఎస్ఐ గుర్తు లేని కాయిళ్లు, రాగి పూత పూసిన అల్యూమినియం తీగ బజార్లో బాహాటంగా రాగి పేరుతో అమ్ముతున్నారు. కత్తితో గీరితే లోపల తెల్లగా బయటపడుతుంది. ఇంత తేలిక పరీక్ష కూడా ఏ తనిఖీ అధికారీ చేసిన దాఖలా మా ఊళ్లో లేదు. స్తంభాలెక్కే కాంట్రాక్టు కుర్రాళ్లకు రబ్బరు గ్లోవ్స్, లైనును నేలకు కలిపే ఎర్త్ రాడ్లు సరిగా ఇస్తున్నారా అనేది అడిగే నాథుడు లేడు. ప్రమాదం జరిగాక పరామర్శలు, ఫొటోలు.

గ్రామ సచివాలయాల్లో కరెంటు పనులు చూసే ఎనర్జీ అసిస్టెంట్లు ఉన్నారు. తుపాను హెచ్చరిక రాగానే వాళ్లను టెంట్ హౌస్‌లకు, జనరేటర్లున్న ఇళ్లకు, ఆక్వా చెరువుల దగ్గరకు పంపి వైర్లు చూడమనండి. రెండు ప్లగ్గుల వైరు కనిపిస్తే అక్కడికక్కడే కత్తిరించేయాలి. మీ పత్రిక కూడా మళ్లీ జాగ్రత్తలు వేసేటప్పుడు కొవ్వొత్తుల కన్నా ముందు ఈ వైరు గురించి, బొమ్మ వేసి మరీ, మొదటి పేజీలో ప్రచురించాలని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకుడు,
అమలాపురం