వార్డులో చేరబోతున్న అమ్మాయికి

బ్రాడీపేట, గుంటూరు

చిరంజీవి మాధవికి అమ్మ ఆశీస్సులు.

సోమవారం నుంచి విజయవాడలో ప్లాస్టిక్ సర్జరీ వార్డులో నర్సుగా చేరుతున్నావు కనుక, నా రెండు ఆపరేషన్ల సంగతి నీకు వివరంగా వ్రాస్తున్నాను. మొదటిసారి రొమ్ము తీసివేసినప్పుడు, ముందురాత్రి తొమ్మిది నుంచి మరునాడు మధ్యాహ్నం రెండింటివరకు చుక్క నీరు ఇవ్వలేదు. కారణం చెప్పినవారూ లేరు. ఆ దాహం నాకు నొప్పికన్నా ఎక్కువగా గుర్తున్నది.

రెండేళ్ల తరువాత పొత్తికడుపు చర్మాన్ని, కొవ్వును తీసి, వాటి రక్తనాళాలను మైక్రోస్కోపు కింద ఛాతీలోని నాళాలకు కలిపి రొమ్మును తిరిగి నిర్మించినప్పుడు, వారం ముందే కూర్చోబెట్టి అన్నీ చెప్పారు. అన్నం ఆరు గంటల ముందు ఆపమన్నారు గాని, మంచినీళ్లు రెండు గంటల ముందు వరకు తాగనిచ్చారు. నొప్పి ముదిరే దాకా ఆగక వేళకు పారాసెటమాల్ ఇచ్చారు. పొట్ట గోడలోని నరాలకు మత్తు ఇంజెక్షన్ కూడా చేసినందున మార్ఫిన్ అవసరం తగ్గి, మొదటిసారి పీడించిన వాంతులు ఈసారి రాలేదు. ఆపరేషన్ తరువాత త్వరగా కోలుకునేలా చూసే ఈ పద్ధతికి 1990లలో డెన్మార్క్ సర్జన్ హెన్రిక్ కెహ్లెట్ పునాది వేశారనీ, రొమ్ము పునర్నిర్మాణానికి ప్రత్యేక మార్గదర్శకాలు 2017లో వెలువడ్డాయనీ మా డాక్టరుగారు చెప్పారు.

రాత్రి డ్యూటీ నర్సు గంటగంటకూ వచ్చి, కొత్త రొమ్ము చర్మానికి వేళ్ల వెనుక భాగం ఆనించి వెచ్చదనం చూసి, మెల్లగా నొక్కి వదిలి, రంగు తిరగడానికి ఎంతసేపు పడుతున్నదో లెక్కపెట్టేది. మన చామనచాయ ఒంటిమీద రంగు మార్పు త్వరగా తెలియదు కాబట్టి ధ్వనితరంగాల పరికరమైన డాప్లర్‌లో రక్తం పారే శబ్దం కూడా వినేది. చల్లబడినా, నీలం తిరిగినా వెంటనే సర్జన్‌ను పిలవకపోతే అతికించిన భాగం దక్కదట. నిద్ర చెడగొడుతున్నానని ఆమె నొచ్చుకునేది గాని, ఆ చేయి తగిలితేనే నాకు ధైర్యంగా ఉండేది.

మరునాడే కుర్చీలో కూర్చోబెట్టి, పొట్ట కుట్లు లాగకుండా నడుము వంచి నాలుగడుగులు వేయించారు. మీ అమ్మమ్మ మాత్రం పప్పు తింటే చీము పడుతుందని పదిరోజులు చారన్నమే పెట్టాలని పట్టుబట్టింది. గాయం మానడానికి పప్పు, గుడ్డు కావాలని డాక్టరుగారు స్వయంగా చెబితేనే ఒప్పుకున్నది. అందుకని రోగితోపాటు వంటచేసే పెద్దవారికి కూడా ముందే చెప్పు.

గాయంలో చేరే ద్రవాన్ని బయటికి తీసే డ్రెయిన్ గొట్టాల్లో రోజూ ఎన్ని మిల్లీలీటర్లు వచ్చిందో మీ నాన్నగారు వ్రాసిన నోటుపుస్తకం దీనితో పంపుతున్నాను. ఇంటికి వెళ్లేవారికి ఎలా కొలిచి వ్రాయాలో అది చూపించి నేర్పు.

ఆశీస్సులతో,
అమ్మ