మూసీ బాగు అనంతగిరి నుంచే మొదలవ్వాలి

సంపాదకుడు గారికి నమస్కారం.

మూసీ మీద ఏ వార్త వచ్చినా హైదరాబాద్‌లోని చాదర్‌ఘాట్ వంతెన, నల్లటి నీళ్లు, తెల్లటి నురగ, ఇవే ఫొటోలు. మీ పత్రికలోనే కాదు, అన్నిచోట్లా అంతే. అవి చూసీ చూసీ నగరంలో పెరిగిన పిల్లలు మూసీ అంటే మురుగు కాలువే అనుకుంటున్నారు. వాళ్లను ఒక్కసారి వికారాబాద్ దగ్గర అనంతగిరి కొండలకు తీసుకెళ్లి, అక్కడి నుంచి వాగు వెంబడి కిందికి నడిపించండని మీ పాఠకులను అడుగుతున్నాను.

కొంతకాలంగా సెలవు రోజుల్లో మరికొందరితో కలిసి నేను ఆ పనే చేస్తున్నాను. వానాకాలంలో అక్కడ నీళ్లు తేటగా పారతాయి, గట్ల మీద వావిలి, కానుగ, రెల్లు, పొలాల మధ్య నుంచి చిన్న చిన్న వాగులు ఒక్కొక్కటే వచ్చి కలుస్తాయి. ఈ నీళ్లే గండిపేట చెరువుకు, అంటే ఉస్మాన్‌సాగర్‌కు చేరతాయి. 1908 సెప్టెంబరు వరదలో వేలమంది చనిపోయాక, మోక్షగుండం విశ్వేశ్వరయ్య గారి సలహాతో మూసీ మీద ఉస్మాన్‌సాగర్‌, దాని ఉపనది ఈసీ మీద హిమాయత్‌సాగర్‌ కట్టారు. 1920లో ఒకటి, 1927లో ఇంకొకటి పూర్తయ్యాయి. నగరాన్ని ముంపు నుంచి కాపాడటమే కాదు, దశాబ్దాలపాటు నగరానికి తాగునీళ్లూ ఇచ్చాయి. పైనుంచి వాగులు రాకపోతే ఆ రెండూ ఉత్త గోడలే. ఈ రెండు చెరువులకు నీళ్లొచ్చే ప్రాంతంలోని 84 గ్రామాల్లో పెద్ద నిర్మాణాలు, కాలుష్య పరిశ్రమలు వద్దని 1996లో 111 జీవో తెచ్చింది ఇందుకే. 2022లో ఆ ఆంక్షలు ఎత్తేస్తూ ఇంకో జీవో ఇచ్చారు, అది నాకు ఇప్పటికీ మింగుడుపడటం లేదు.

మేం చేసేది పెద్ద పనేం కాదు. వారాంతాల్లో వచ్చినవాళ్లు పడేసిన సీసాలు, ప్లేట్లు ఏరతాం. సర్కారు తుమ్మను కొట్టేస్తే సరిపోదు, మళ్లీ చిగురేస్తుంది, వేరుతో తవ్వి తీయాలి, నడుములు పడిపోతాయి. ఆ చోట కానుగ, నేరేడు, ఏరుమద్ది పెడతాం. మొక్కలు నాటే రోజు చాలామంది వస్తారు, ఫొటోలు దిగుతారు, సంతోషమే, కానీ ఏప్రిల్ ఎండలో బిందెలతో నీళ్లు పోయడానికి మనుషులు దొరకరు, మొక్క బతికేదీ చచ్చేదీ అప్పుడే. అన్నిటికంటే పనికొచ్చేది మాత్రం గ్రామ నక్షా పట్టుకుని, ఊరి పెద్దవాళ్లను అడుగుతూ వాగు ఎక్కడ పూడ్చేశారో, చెరువు అలుగు నీళ్లు ఎటు పోవాల్సి ఉండగా ఎటు పోతున్నాయో రాసుకోవడం. ఆ వివరాలతో అధికారులకు అర్జీలు ఇస్తున్నాం.

నగరంలో నాలాల మురుగును మాలాంటివాళ్లు ఆపలేరు. అది శుద్ధి కేంద్రాలతో ప్రభుత్వం చేయాల్సిన పని, ఒడ్డున అందమైన గోడలూ లైట్లూ దాని తర్వాతే. కింద భువనగిరి, సూర్యాపేట వైపు రైతులు కత్వాల (నదికి అడ్డంగా కట్టిన చిన్న ఆనకట్టల) దగ్గర ఆ నీళ్లే మళ్లించుకుని వరి, పశువుల గడ్డి పండిస్తున్నారు, వాడపల్లి దగ్గర ఆ నీళ్లే కృష్ణలో కలుస్తున్నాయి. మన మురుగు భరిస్తున్న ఆ ఊళ్లవాళ్లను మూసీ చర్చల్లో ఎవరూ పిలవరు, ఇది చాలా అన్యాయం.

మీకు నా విన్నపం ఇది: మీ జిల్లా పేజీలో వారానికో వాగు గురించి రాయండి, దాని పేరు, అది ఏ చెరువు నింపుతుందో, ఇప్పుడు ఎలా ఉందో. కాలేజీల ఎన్‌ఎస్‌ఎస్‌ పిల్లలు ఒక్కరోజు శ్రమదానంతో ఆపకుండా ఒక్కో వాగును కనీసం మూడు వానాకాలాలు చూసుకుంటే చాలా తేడా వస్తుంది. రావాలనుకునేవాళ్లు జులై దాకా ఆగొద్దు, గుంతలు మే నెలలోనే తవ్వాలి.

ఇట్లు,
ఒక పాఠకుడు, లంగర్‌హౌజ్