సుభాష్ ముఖర్జీకి దక్కాల్సిన చోటు

సంపాదకునికి,

శరీరం వెలుపల ఫలదీకరించిన అండంతో పుట్టే పరీక్షనాళిక శిశువుల (టెస్ట్‌ట్యూబ్ బేబీల) చరిత్ర 1978 జులై 25న ఇంగ్లండ్‌లోని ఓల్డ్‌హామ్‌లో లూయీస్ బ్రౌన్ పుట్టుకతో మొదలైన మాట నిజమే గానీ, అక్కడితోనే ఆపేయడం అన్యాయం. అదే ఏడాది అక్టోబరు 3న కోల్‌కతాలో డాక్టర్ సుభాష్ ముఖర్జీ కృషితో మరో ఆడశిశువు జన్మించింది. లూయీస్ పుట్టుకకు కారకులైన శాస్త్రవేత్త ఎడ్వర్డ్స్, వైద్యుడు స్టెప్టో సహజ రుతుచక్రంలో పక్వమైన అండంతో విజయం సాధించగా, ముఖర్జీ హార్మోన్లతో అండాశయాన్ని ప్రేరేపించి, ఫలదీకరించిన పిండాలను అతిశీతలంలో భద్రపరచి, తర్వాతి రుతుచక్రంలో గర్భాశయంలో ప్రవేశపెట్టారు. నేటి సంతాన సాఫల్య కేంద్రాలు నిత్యం అనుసరిస్తున్న పద్ధతులివే. ప్రభుత్వం నియమించిన కమిటీ ఆయనను నమ్మలేదు. 1981లో ఆయన ఆత్మహత్య చేసుకున్నారు. 1986లో తన బృందం సాధించిన విజయంతో ‘దేశంలో తొలి’ ఘనత పొందిన శాస్త్రవేత్త టి.సి. ఆనంద్‌కుమార్, ముఖర్జీ రాతప్రతులు చదివి 1997లో ఆ ఘనత ఆయనదేనని బహిరంగంగా ప్రకటించారు. జీవశాస్త్ర పాఠ్యపుస్తకాల్లో ముఖర్జీ, ఆనంద్‌కుమార్‌ ఇద్దరికీ చోటు కల్పించాలని విద్యాశాఖలను కోరుతున్నాను.

— ఒక జీవశాస్త్ర అధ్యాపకురాలు, గుంటూరు