మా అమ్మాయిల ఫుట్‌బాల్ సీజన్ 120 నిమిషాలు: క్రీడల మంత్రి గారికి బహిరంగ లేఖ

తెలంగాణ క్రీడల శాఖ మంత్రి గారికి నమస్కారం.

నేను ఉత్తర తెలంగాణలో ఒక మహిళా డిగ్రీ కాలేజీలో పీడీని, అంటే ఆటలు నేర్పే ఫిజికల్ డైరెక్టర్‌ని. ఈ ఏడాది మా ఫుట్‌బాల్ టీమ్ సీజన్ ఎలా గడిచిందో చెబుదామని రాస్తున్నాను. మీ టైం ఎక్కువ తీసుకోను, మా సీజనే రెండు రోజులు.

జూలై నుంచి ప్రాక్టీస్ చేశాం. పొద్దున ఆరింటికి గ్రౌండ్‌లో ఉండాలంటే కొందరు పిల్లలు ఊళ్లో ఐదింటి బస్సు పట్టుకోవాలి. పద్దెనిమిది మందికి పదకొండు జతల బూట్లు. సబ్‌స్టిట్యూట్‌గా దిగాల్సిన పిల్ల లైన్ పక్కన ఉత్త సాక్సులతో నిలబడుతుంది. బయటికొచ్చిన పిల్ల గబగబా లేసులు విప్పి బూట్లిస్తే, అవి తొడుక్కుని లోపలికి పరిగెత్తుతుంది. మా లెఫ్ట్ బ్యాక్‌ది నాలుగో నంబరు పాదం, దొరికింది ఆరో నంబరు బూటు. రెండు జతల సాక్సులేసుకుని, వేళ్ల దగ్గర పాత చున్నీ ముక్క కుక్కుకుంటుంది. బాల్ గట్టిగా తన్నినప్పుడల్లా ముందు బూటు వైపు చూసుకుంటుంది, బాల్ ఎటు పోయిందో తర్వాత.

అక్టోబర్‌లో ఇంటర్ కాలేజ్ టోర్నమెంట్ పెట్టారు. నాలుగే టీమ్‌లు వచ్చాయి. నాకౌట్, సగానికి 30 నిమిషాలు. సెమీస్ 3–0తో గెలిచాం, మర్నాడు ఫైనల్ 1–2తో ఓడాం. అంతే, 120 నిమిషాలు. బస్సులో తిరిగొస్తుంటే మా గోల్‌కీపర్ అడిగింది: “ఇగ అయిపోయినట్టేనా మేడం? మల్ల వచ్చే ఏడాదేనా?” తను ఫైనలియర్. వచ్చే ఏడాదికి తను కాలేజీలోనే ఉండదు. నేను ఫోన్ చూసుకుంటున్నట్టు తల దించుకున్నాను.

మా పిల్లల్లో నలుగురు యూనివర్సిటీ టీమ్‌కి సెలెక్టయి, దక్షిణాది యూనివర్సిటీల మధ్య జరిగే సౌత్ జోన్ టోర్నమెంట్‌కి వెళ్లారు. టికెట్లు కన్ఫర్మ్ కాలేదు. రాత్రంతా బ్యాగుల మీద కూర్చుని ప్రయాణం చేసి, దిగిన మర్నాడే ఆడి 0–8తో ఓడి ఇంటికొచ్చారు. ఓడినందుకు నాకు బాధ లేదు. అవతలి టీమ్‌లో ఒకమ్మాయిని మావాళ్లు మాటల్లో ‘ఈ ఏడు ఎన్ని మ్యాచ్‌లు ఆడావు’ అని అడిగితే, లెక్క పెట్టలేదందట. మావాళ్ల లెక్కకు ఒక చేతి వేళ్లు చాలు. వాళ్లకూ మాకూ తేడా అక్కడుంది. పక్కనున్న తమిళనాడునే చూడండి. వాళ్ల రాష్ట్ర జట్టు 2018లో, 2023లో సీనియర్ నేషనల్స్ గెలిచింది. 2019లో ఇండియన్ విమెన్స్ లీగ్ కప్పు మదురైకి చెందిన సేతు ఎఫ్‌సీకి వెళ్లింది.

మన దగ్గర పిల్లలు లేరా అంటే, నిజామాబాద్ జిల్లా నుంచి వచ్చిన గుగులోతు సౌమ్య ఉంది. 2022లో క్రొయేషియా వెళ్లి అక్కడి డైనమో జాగ్రెబ్ క్లబ్బుకి ఆడింది. 2024–25లో ఇండియన్ విమెన్స్ లీగ్ గెలిచిన కోల్‌కతా క్లబ్బు ఈస్ట్ బెంగాల్ జట్టులో ఉంది. 2025 జూలైలో థాయ్‌లాండ్‌ని 2–1తో ఓడించి ఆసియా కప్‌కి క్వాలిఫై అయిన ఇండియా టీమ్‌లోనూ ఉంది. సన్మానాలప్పుడు ఆ పేరు మనమంతా చెప్పుకుంటాం. కానీ ఆమె పేరు తెచ్చుకున్న క్లబ్బులేవీ తెలంగాణవి కావు సార్.

అమెరికా అమ్మాయిల సాకర్‌ని అందరూ పొగుడుతారు. అక్కడ కాలేజీ సీజన్ ఆగస్టులో మొదలైతే డిసెంబర్ దాకా నడుస్తుంది. మియా హామ్ లాంటి పెద్ద అమెరికన్ ప్లేయర్ నార్త్ కరోలినా యూనివర్సిటీ టీమ్‌లోంచే వచ్చింది. నేను అంత అడగడం లేదు.

నేనడిగేది ఒక చిన్న లీగ్. చుట్టుపక్కల జిల్లాల నుంచి ఎనిమిది కాలేజీలు. ఒక్కో టీమ్ మిగతా ఏడింటితో ఒక్కోసారి ఆడుతుంది, మొత్తం 28 మ్యాచ్‌లు. ఆగస్టులో మొదలుపెట్టి శనివారాలు ఆడిస్తే, యూనివర్సిటీ సెలెక్షన్స్‌కి ముందే ప్రతి పిల్లకీ ఏడు మ్యాచ్‌ల అనుభవం వస్తుంది. ప్రయాణం ఖర్చు గురించి టెన్షన్ అక్కర్లేదు. ఆడవాళ్లకు ఆర్టీసీ బస్సు ఫ్రీ చేసిన మహాలక్ష్మి పథకం వచ్చాక మా పిల్లలు పల్లెవెలుగులోనో ఎక్స్‌ప్రెస్‌లోనో జీరో టికెట్ తీసుకుని ఏ జిల్లాకైనా వెళ్లొస్తారు, నేనూ అంతే. పొద్దున పోయి రాత్రికి రావచ్చు, లాడ్జి అవసరమే ఉండదు. ఇక మిగిలేది రిఫరీల ఫీజు, మధ్యాహ్నం అన్నం, బాల్స్, బూట్లు. ఇంకొకటి, డ్రెస్ మార్చుకోవడానికి తలుపు, గడియ ఉన్న ఒక గది. ఇప్పుడైతే నలుగురు చున్నీలు అడ్డం పట్టుకుంటే లోపల ఒకరు మార్చుకుంటున్నారు. ఈ మాట మీటింగుల్లో ఎవరూ ఎత్తరు, అందుకే ఇక్కడ రాస్తున్నాను.

కుదిరితే ఫైనల్ మాత్రం గచ్చిబౌలి బాలయోగి స్టేడియంలో పెట్టించండి. 2024 డిసెంబర్‌లో రాష్ట్రాల జట్లు ఆడే సంతోష్ ట్రోఫీ ఫైనల్ జరిగింది అక్కడే. మా పిల్లలు ఆ గడ్డి మీద ఒక్కసారైనా నడవాలి.

మొదటి మ్యాచ్ మా గ్రౌండ్‌లో పెట్టినా సరే. సున్నం మేమే పోసుకుంటాం, కర్రలు పాతుకుంటాం. గోల్ నెట్లు మాత్రం పంపించండి, మావి పోయిన వానల్లో చివికిపోయాయి.

ఇట్లు
ఒక మహిళా డిగ్రీ కాలేజీ పీడీ